డ్యూటీ రోజు మోతాదు

డిపో రిజిస్టర్లో ఆయన అసలు పేరేమిటో సగం మందికి తెలియదు. అందరికీ ఆయన ‘నిదానం’. కొత్తగా చేరిన మెకానిక్కులు స్పానర్లు ఏ అరలో ఉంటాయో తెలుసుకోకముందే ‘నిదానం గారి బండి వచ్చిందా?’ అని అడగడం నేర్చుకునేవారు. ఎవరో వెటకారానికి పెట్టిన పేరది. ఆయన మాత్రం పిలిచి బిరుదిచ్చినట్టు మురిసిపోయాడు.

రైల్వే స్టేషన్ ముందు బయలుదేరి, బజారు వీధి మీదుగా వంతెన దాటి, ఏటవాలు రోడ్డు ఎక్కి, గుట్టమీద పెద్దాసుపత్రి గేటు దగ్గర ఆగే బస్సు ఆయనది. పైకి వెళ్ళేటప్పుడు రోగులు ఎక్కుతారు, కిందికి వచ్చేటప్పుడు కుట్లు వేయించుకున్నవాళ్ళు ఎక్కుతారు. అందుకని స్పీడు బ్రేకరు కనపడితే చాలు, ఆయన ఆ బండిని నిద్రపోయే పసిబిడ్డని పక్క మార్చినట్టు ఇటునుంచి అటు దాటించేవాడు. వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి విసిగి ఊరుకునేవారు.

"వాళ్ళకేం? వాళ్ళ కడుపుమీద కుట్లున్నాయా?" అనేవాడాయన.

ఆయన భార్య బజారు వీధిలో ఒక హోటలు లాండ్రీలో పనిచేసేది. దుప్పట్లు, దిండు గలీబులు వేడి రోలరు కిందనుంచి లాగి, మడతలు పెట్టి, దొంతర్లు పేర్చడం ఆమె పని. పెళ్ళికి ముందు ఒకసారి ఆవిరి తగిలి చెయ్యి కాలితే, కట్టు కట్టించుకుని ఆ బస్సే ఎక్కింది. కూర్చోడానికి సీటు లేదు, కడ్డీ పట్టుకోడానికి చెయ్యి లేదు. అయినా గుట్ట దిగేవరకూ బండి ఒక్క కుదుపు కుదిపితే ఒట్టు. దిగుతుంటే అద్దంలోంచి చూసి "నొప్పి పెట్టలేదు కదా?" అన్నాడు. అంతే. దాన్ని ప్రేమ అంటే మాత్రం ఇద్దరూ ఒంటికాలిమీద లేచేవారు. ఆ ఏడే పెళ్ళయింది. పిల్లలు కలగలేదు. ఆ దిగులు కొన్నాళ్ళు ఇంట్లో తిరిగి తిరిగి, తర్వాత దానంతటదే ఓ మూల సర్దుకుంది. ఇద్దరు మనుషులు, రెండు గదులు, తలుపు గట్టిగా తోస్తే గానీ పడని ఓ పాత ఫ్రిజ్జు. వాళ్ళ కాపురం అంతే, హాయిగానే ఉండేది.

షుగరు వాళ్ళింటికి చడీచప్పుడు లేకుండా వచ్చింది. మొదట దాహం, తర్వాత నీరసం, తర్వాత మాత్రలు. కొన్నేళ్ళకి మాత్రలు చాలడం లేదన్నారు. పెద్దాసుపత్రిలో షుగరు, థైరాయిడ్, అలాంటి గ్రంథుల జబ్బులన్నీ చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. మనిషి మంచిది, ఓపిక గలది, కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని దానికోసం టేబులంతా వెతుక్కునే రకం. ఆవిడ ఇన్సులిన్ రాసింది. చూడ్డానికి పెన్నులా ఉంటుంది. వెనక మర తిప్పితే అంకెలు కదులుతాయి. రాసిచ్చిన అంకె దగ్గర ఆపి, పొట్టలో గుచ్చి నొక్కాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఇరవయ్యేసి యూనిట్లు.

అంత పెద్ద బస్సుని వేలితో ఆడించే మనిషికి సూదంటే పై ప్రాణాలు పైనే పోయేవి. ఆ పని భార్యమీద పడింది.

"అయిపోయిందా?" అనేవాడు కళ్ళు గట్టిగా మూసుకుని.

"ఇంకా మూతైనా తియ్యలేదండీ."

"మరి నొప్పెందుకు పుట్టింది?"

"అది మీ భయానికి పుట్టింది."

అలా నవ్వుకుంటూ మొదలైందా వైద్యం. కొన్నాళ్ళు బాగానే సాగింది కూడా. అంకెలు చూసి డాక్టరమ్మ సంతోషించింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన భోజనం ఆలస్యమైంది. ముందు బండి పాడై, దాని ట్రిప్పు కూడా ఈయన నెత్తిన పడింది. గుట్టమీద జనాన్ని ఎక్కించుకుని దిగుతుండగా బస్సు మొదటి స్టాపులో ఆగలేదు. రెండో స్టాపులోనూ ఆగలేదు. దిగాల్సినవాళ్ళు అరుస్తున్నారు. కండక్టరు (చిల్లర దగ్గర అందరితో పేచీ పెట్టుకుంటాడని అతన్ని ‘చిల్లర’ అనేవారు) తోసుకుంటూ ముందుకొచ్చి చూస్తే, డ్రైవరు మెడమీద చెమట ధారలు కడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటి వెనక మనిషి లేడు. చిల్లర హ్యాండ్ బ్రేకు లాగాడు. బస్సు ముందు చక్రం పేవ్‌మెంటు ఎక్కి ఆగింది. ఎదురుగా బెంచీమీద, చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని, ఒక తల్లి కూర్చుని ఉంది. పాపం, పిల్లని గుండెలకి అదుముకుంది.

ఎవరో వచ్చి ఆయన నోరు వాసన చూశారు. "తాగి నడుపుతున్నాడు" అన్నారు. జన్మలో చుక్క ముట్టని మనిషి. చిల్లర తన సంచిలోంచి కూల్‌డ్రింకు తీసి బలవంతాన తాగించాడు. కాసేపటికి కళ్ళలోకి మనిషి తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే చూసింది ఆ తల్లి మొహం.

డిపోలో బ్రేకు పట్టలేదని రాయించాడు చిల్లర. ఇన్సులిన్ వేసుకునే డ్రైవరు స్టీరింగు ముందు ఒక్కసారి స్పృహ తప్పినా మళ్ళీ బండి ఇవ్వరని డిపోలో అందరికీ తెలుసు. యార్డులో చీపురిస్తారు, లేకపోతే గేటు దగ్గర కుర్చీ వేస్తారు. అందుకని ఆ మధ్యాహ్నం సంగతి ఆయన, చిల్లర, ఆయన భార్య, ఈ ముగ్గురి మధ్యే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆమె పెన్ను పట్టుకుని వస్తే చెయ్యి అడ్డంపెట్టాడు.

"షుగరు తక్కువైతే అలా అవుతుందట. ఎక్కువైతే ఏమవుతుంది?"

"కళ్ళు పోతాయి, కిడ్నీలు పోతాయి, కాళ్ళు పోతాయి అంటున్నారు కదండీ."

"అవి నావి" అన్నాడాయన. "ఎక్కువైతే పోయేవి నావి. తక్కువైతే పోయేవాళ్ళు నా బస్సులోవాళ్ళు. ఆ బెంచీమీది పిల్ల నిండా ఆరునెల్లది కూడా కాదు."

తప్పని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు, ఒప్పని చెప్పడానికి మనసు రాలేదు. కడపటికి వాళ్ళిద్దరూ కలిసి వాళ్ళకి తెలిసిన లెక్క ఒకటి వేసుకున్నారు. డ్యూటీ ఉన్న రోజు సగం. సెలవురోజు మొత్తం. మర్నాటినుంచి ఆమె పెన్ను తీసి "డ్యూటీ ఉందా?" అని అడిగేది. "ఉంది, సగమే" అనేవాడాయన. సెలవైతే "లేదు, మొత్తం వేసెయ్" అనేవాడు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో తెల్లారడం అంటే ఆ రెండు మాటలే.

"డాక్టరమ్మకి చెప్పకు" అన్నాడు. "చెబితే కాగితంమీద రాస్తుంది. రాస్తే అది డిపోకి వెళ్తుంది."

"చెప్పను."

చెప్పకపోవడం ఎంత తేలికో, ఆ తర్వాత దాన్ని మోయడం అంత బరువని ఆమెకి అప్పుడు తెలియదు. ఎవరికి మాత్రం తెలుస్తుంది?

మందు సగమైతే షుగరు ఊరుకుంటుందా, కొండెక్కి కూర్చుంది. డాక్టరమ్మ రిపోర్టు చూసి మొహం చిట్లించి, "వేసుకుంటున్నారా?" అంది. "వేసుకుంటున్నానమ్మా" అన్నాడు. అబద్ధం కాదు, వేసుకుంటూనే ఉన్నాడు. ఆవిడ ఇరవైని ఇరవయ్యారు చేసింది. మళ్ళీసారి ముప్ఫై. ఆవిడ పెంచుకుంటూ పోయింది, వీళ్ళు ఆ మొదటి పది దగ్గరే ఆగిపోయారు. పేరుకి ‘సగమే’ గానీ కొన్నాళ్ళకి అది మూడోవంతుకి పడింది. సెలవురోజున మాత్రం ఆవిడ చెప్పినంతా వేసేవారు. ఒక సెలవు పూట అలా వేశాక, ఆయన కుర్చీలోనే వణికిపోయి, చొక్కా పిండితే నీళ్ళు కారేంత చెమట పట్టి, ఆమెనే గుర్తుపట్టలేదు. పంచదార నీళ్ళు పట్టి బతికించుకుంది. ఆ తర్వాత సెలవు లేదు, డ్యూటీ లేదు, ఏ రోజైనా పదే. ‘డ్యూటీ ఉందా?’ అని అడగడం మాత్రం అలవాటుగా మిగిలింది.

డాక్టరమ్మ మాత్రం ఈ కేసుని వదిలిపెట్టలేదు. ఆవిడ దారిన ఆవిడ వెతుక్కుంటూ పోయింది. మందు ఎండలో ఉంచుతున్నారేమోనని ఫ్రిజ్జులో ఏ అరలో పెడుతున్నారో అడిగింది. ఒకేచోట గుచ్చి గుచ్చి గడ్డలు కట్టాయేమోనని పొట్టంతా తడిమి చూసింది. ఎలా గుచ్చుతున్నారో చూపించమంది, భార్య పాఠం అప్పజెప్పినట్టు చూపించింది. థైరాయిడ్ పరీక్ష రాసింది. అదీ బాగానే ఉంది. చివరికి "ఇంత మందుకి కూడా దిగడం లేదంటే, ఒంట్లో ఇంకేదో గ్రంథి అల్లరి చేస్తోంది" అని, కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే చిన్న గ్రంథులుంటాయని బొమ్మ గీసి చూపించి, రోజంతటి మూత్రం ఒక డబ్బాలో పట్టి తెమ్మంది.

ఆ రోజు ఆయనకి డ్యూటీ. షుగరు ఎక్కువుండే మనిషికి మూత్రానికేం కొదవ? ఆ రూట్లో ఏ పెట్రోలు బంకులో తలుపుకి గడియ ఉందో, దేనికి లేదో ఆయనకి కంఠతా వచ్చు. డబ్బా సీటు కింద పెట్టుకుని బయలుదేరాడు.

"అన్నా, ఆ డబ్బాకి టిక్కెట్టు కొట్టమంటావా? లగేజీ కిందికొస్తుంది" అన్నాడు చిల్లర.

"గుట్ట దిగేటప్పుడు ఒలక్కుండా నువ్వు పట్టుకో, నీకే కొడతాను టిక్కెట్టు."

రిపోర్టు బాగానే వచ్చింది. లేని జబ్బు ఎక్కడ దొరుకుతుంది? డాక్టరమ్మ ఆ కాగితం మడిచి పక్కన పెట్టింది. తర్వాత ఆయన్ని బరువు చూపించుకు రమ్మని బయటికి పంపి, ఆమె వైపు తిరిగింది.

"చూడమ్మా, ఇంట్లో ఏమైనా ఇబ్బందుందా? మందు మానేస్తున్నారా? నాకు చెప్పొచ్చు."

ఎదురుగా ఉన్నది నిజంగా అడుగుతున్న మనిషి. ఒక్క మాట చాలు. కానీ తలుపవతల బరువు మిషను మీద నిలబడ్డ మనిషి, స్టీరింగు లేకపోతే తనెవరో తనకే తెలియని మనిషి. యార్డులో చీపురు పట్టుకుని, తన బండిని ఇంకొకడు కుదుపుతుంటే చూస్తూ నిలబడ్డ ఆయన ఆమె కళ్ళముందు కదిలాడు.

"లేదమ్మా. రోజూ నేనే వేస్తాను" అంది. మోతాదు నలభై నాలుగైంది.

ఈలోగా ఆయన కరిగిపోతూ వచ్చాడు. యూనిఫాం ప్యాంటు నడుం దగ్గర ఆమె రెండుసార్లు కుట్టు లోపలికి తీసింది. పక్కవాళ్ళు "సన్నబడి కుర్రాడయ్యావే" అని మెచ్చుకుంటే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కేది. వాళ్ళననలేక ఇంటికొచ్చి గిన్నెల మీద చూపించేది. "చెప్పేద్దామండీ" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన బెల్లంకొట్టిన రాయిలా కూర్చునేవాడు. మరీ విసిగిస్తే "రిటైరు కానీ. దిగిన రోజున నేనే వెళ్ళి చెబుతాను" అనేవాడు. ఆ రోజు ఎంతో దూరంలో కూడా లేదు.

డిపోలో కొత్త బూట్లిచ్చారు. పాత బండి క్లచ్చు మొండిది, ఎడమ కాలు రోజంతా తొక్కుతూనే ఉండాలి. మడమ దగ్గర బూటు కొరికింది. ఆయనకి తెలియలేదు. ఆ పాదాలకి నొప్పి తెలియడం ఎప్పుడో మానేసింది. ఉతకడానికి మేజోడు తిరగేసినప్పుడు ఆమెకి మరక కనపడింది. దుప్పట్లమీద మరకలు చూసి చూసి, ఏది టీదో ఏది రక్తమో, ఏది నిన్నటిదో చెప్పగలిగిన చెయ్యి అది. ఇది నిన్నటిది కాదు. పాదం పట్టుకుని చూస్తే మడమ వెనక పుండు నల్లబడి ఉంది, పైకి ఎర్రగా గీత పాకుతోంది. ఒళ్ళు కాలిపోతోంది.

ఆయన బస్సులోనే, ఇంకొక డ్రైవరు నడుపుతుండగా, ఆయన్ని గుట్టమీదికి తీసుకెళ్ళింది. ప్రతి గోతికీ ఆయన పళ్ళు బిగపట్టాడు. కాలు నొప్పికి కాదు, బండి బాధకి.

వెంటనే చేర్చుకున్నారు. చీము తీసి కట్టు కట్టారు. డాక్టరమ్మ స్వయంగా వచ్చి చూసి, కాలు దక్కుతుందని చెప్పింది. కిడ్నీల సంగతి తెలుసుకోడానికి రక్తం తీసుకున్నారు, రిపోర్టు పొద్దున్నే వస్తుందన్నారు. షుగరు పైనెక్కడో ఉంది. ఆవిడ వెళ్ళాక ఒక కుర్ర డాక్టరు మంచం పక్కన నిలబడి కాగితంలో రాసుకుంటూ అడిగాడు.

"నలభై నాలుగు. పొద్దున, సాయంత్రం. రోజూ ఇంతే కదమ్మా?"

ఆమె భర్త వైపు చూసింది. దిండుమీద ఆయన తల అటూ ఇటూ కొద్దిగా కదిలింది. చెప్పకు అని.

"అవునండి" అంది.

సాయంత్రం భోజనం ట్రే వచ్చింది. ఆయన రెండు స్పూన్లు తిని వికారమని తోసేశాడు. నర్సు పెన్ను తీసుకుని వచ్చి మర తిప్పడం మొదలుపెట్టింది. టిక్కు టిక్కుమని ఆ మర తిరుగుతూనే ఉంది. ఇన్నేళ్ళూ ఆమె వేళ్ళు పది దగ్గర ఆగిపోయేవి. ఈ చప్పుడు ఆగదేమో అనిపించింది.

"సిస్టర్, ఇవాళ సరిగ్గా తినలేదండి. కొంచెం తగ్గించి వేయకూడదా?"

"షుగరు చాలా ఎక్కువుందమ్మా. కాలు మానాలంటే దిగాలి." నర్సు చిరాకుపడలేదు, నెమ్మదిగానే చెప్పింది. "రోజూ వేసుకునేదే కదా?"

వార్డులో ఫ్యాను గరగరమంటోంది. పక్క మంచం ఆయన దగ్గుతున్నాడు. ఆమె నోరు తెరిచింది. ఇన్నేళ్ళు మూసిన నోరు అది. ఈలోగా ఆయనే అన్నాడు.

"వెయ్యండమ్మా. ఇవాళ డ్యూటీ లేదు."

నర్సు నవ్వింది. ఆమెకి మాత్రమే వినపడేలా ఆయన అన్నాడు: "ఇక్కడ బస్సు లేదు, దిగే గుట్ట లేదు. చుట్టూ డాక్టర్లే. ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? ఇన్నాళ్ళకి ఒక్కపూటైనా ఆవిడ చెప్పినట్టు విననీ."

ఆ ఒక్కసారి ఆయన కళ్ళు మూసుకోలేదు. సూది గుచ్చుతుంటే బుద్ధిమంతుడిలా చూస్తూ పడుకున్నాడు. ఏదో అప్పగించేసి తేలికపడ్డ మనిషి మొహంలా ఉంది ఆ మొహం.

మగవాళ్ళ వార్డులో రాత్రిపూట ఆడవాళ్ళు ఉండకూడదు. గంట కొట్టగానే అందరితోపాటు ఆమెనీ పంపేశారు. ఇంటికైతే వచ్చింది గానీ ప్రాణం అక్కడే ఉంది. ఆ సెలవు పూట కుర్చీలో వణికిన మనిషి పదేపదే గుర్తొచ్చాడు. అక్కడ నర్సులున్నారు కదా అని సర్దిచెప్పుకుంది. పొద్దున్నే వెళ్ళి చెప్పేయాలి. డిపో, యార్డు, చీపురు, ఏమైనా కానీ. మొదటి బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, చెప్పాల్సిన మాట నోట్లో కూర్చుకుంది. ‘డాక్టరమ్మా, ఆయనకి నేను వేసేది పదే. నలభై నాలుగు ఏ రోజూ వేయలేదు.’ రెండు ముక్కలు. ఇంతేనా, దీనికేనా ఇన్నేళ్ళు నీళ్ళు నమిలింది అనిపించింది. గుట్ట ఎక్కేసరికి ఆ రెండు ముక్కలూ తడబడకుండా వచ్చేశాయి.

వార్డులో ఆయన మంచం చుట్టూ తెర లాగి ఉంది. తెర కింద చాలా పాదాలు కనిపించాయి.

నొప్పి మందుకి మత్తుగా పడుకున్నాడనుకున్నారట. పిలిస్తే పలక్కపోయేసరికి చూస్తే, షుగరు మిషను మీద అంకె ఉండీ లేనట్టుంది. అప్పటికి ఎంతసేపటినుంచి అలా ఉందో ఎవరికీ తెలియదు. నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. అంకె పైకొచ్చింది. కళ్ళలోకి మనిషి రాలేదు.

డాక్టరమ్మ ఆమెని వార్డు బయట బెంచీమీద కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుంది. నిలబడి మాట్లాడే డాక్టరు పక్కన కూర్చుందంటేనే ఆమెకి అర్థమైపోయింది.

"నిజం చెప్పమ్మా. ఎంత వేసేదానివి?"

దారంతా కూర్చుకున్న రెండు ముక్కలూ అప్పుడు చెప్పింది. తడబడకుండానే చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది, గుట్ట, బస్సు, బెంచీమీది తల్లి, అంతా.

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి, ఇందాకే రిపోర్టు వచ్చింది. అలాంటి ఒంట్లో మందు తొందరగా పోదు, నిలిచిపోతుంది" అంది. "నేను గ్రంథులన్నీ వెతికాను. వేసుకుంటున్నారా అనే అడిగాను గానీ, వేసుకోవాలంటే భయమేస్తోందా అని ఏనాడూ అడగలేదు. తక్కువైపోతోందని ఒక్కమాట చెప్పుంటే తగ్గించేదాన్నమ్మా. తగ్గించడం కూడా వైద్యమే. అంతగా దించని మందులు వేరే ఉన్నాయి."

"బండి ఇచ్చేవారా అప్పుడు?"

ఆవిడ అబద్ధం చెప్పలేదు. "ఏమో. కొన్నాళ్ళు ఆపేవారేమో. నేనే రాయాల్సి వచ్చేదేమో." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "తర్వాత మళ్ళీ ఇచ్చేవారేమో కూడా" అంది.

ఆ ‘ఏమో’ ఆమె గుండెల్లో అలాగే ఉండిపోయింది. దానికి అటూ లేదు, ఇటూ లేదు. చెప్పుంటే ఏమయ్యేదో ఇక ఎవరూ చెప్పలేరు.

ఆయన బతికాడు. కాలు కూడా దక్కింది. చాలా వారాలకి కళ్ళు తెరిచి, ఇంకొన్ని వారాలకి మాట్లాడాడు. కానీ ఇంటికి తీసుకొచ్చుకున్న మనిషి వేరు. గిన్నె చూపిస్తే గిన్నె అనేవాడు, దానితో ఏం చేయాలో తెలిసేది కాదు. చిల్లర వస్తే మర్యాదగా "ఎక్కడ దిగాలండీ?" అని అడిగేవాడు. చిల్లర "గుట్టమీద అన్నా" అని, బయటికొచ్చి గోడ పట్టుకుని ఏడ్చాడు. "వదినా, కొత్తవాడు బండిని చంపుతున్నాడు. కుట్లవాళ్ళు రోజూ అన్ననే అడుగుతున్నారు" అన్నాడు. ఆమె తలూపింది. ఏడవడానికి కూడా ఆమెకి ఓపిక లేదు. లాండ్రీ పని మానేసింది.

డాక్టరమ్మ ఇప్పుడు రోజుకి ఒక్కపూటే, ఆరంటే ఆరు యూనిట్లు రాసింది. మరీ దించొద్దు, కొంచెం ఎక్కువున్నా ఫరవాలేదు, ఆయన హాయిగా ఉంటే చాలు అంది. ఇన్నేళ్ళూ ఆయన కోరుకున్నది కూడా ఇదే. ఆ కాగితం చూసి ఆమెకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఫ్రిజ్జులోంచి పెన్ను తీసి, తలుపు గట్టిగా తోసింది.

మొదటిరోజు పొద్దున పెన్ను చూడగానే ఆయన మొహంలో ఏదో కదిలింది. ఆమె పేరు మర్చిపోయిన మనిషి, స్టేషన్ మర్చిపోయిన మనిషి, కళ్ళు గట్టిగా మూసుకుని, చొక్కా పైకెత్తుకుని అడిగాడు.

"డ్యూటీ ఉందా?"

ఎప్పుడూ తను అడిగే మాట. ఆమె చెయ్యి ఆగిపోయింది. లేదని చెబితే నిజం. లేదంటే ‘మొత్తం వేసెయ్’ అంటాడేమో. ఆ మాట మళ్ళీ వినే శక్తి ఆమెకి లేదు. పైగా డ్యూటీ లేదని ఆయనకి ఏ నోటితో చెప్పడం?

"ఉందండీ" అంది. "మొదటి ట్రిప్పు మీదే."

"అయితే సగమే" అన్నాడు తృప్తిగా.

"సగమే వేస్తాను" అంటూ ఆమె మర ఆరు దగ్గర ఆపింది.

అప్పటినుంచి ప్రతి పొద్దునా అంతే. ఆయన అడుగుతాడు, ఉందని ఆమె చెబుతుంది. సూది తీశాక ఇస్త్రీ చేసిన యూనిఫాం చొక్కా తొడిగి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెడుతుంది. వీధిలో ఏ బండైనా గోతిలో పడి ధడేల్మంటే ఆయన ఎడమ పాదం నేలమీద నెమ్మదిగా నొక్కుకుంటుంది.

ఒక్కోరోజు, చొక్కా గుండీలు పెడుతుండగా, ఆయన ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంటాడు. తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అంటాడు.

"డాక్టరమ్మకి చెప్పకు."

"చెప్పనండీ" అంటుంది ఆమె.